నీళ్లు ఇంకితే లాభమా, ఆగితే లాభమా?



"మా నేల నీళ్లు ఆగదే, ఎంత పారిచ్చినా తాగుడే తాగుడు" అని చెల్క రైతు బాధ. "మా నేల నీళ్లు తాగదే, ఒక్క వాన పడితే వారం దాక కాలు పెట్టనియ్యది" అని రేగడి రైతు బాధ. ఇద్దరూ చెప్పేది ఒకటే గుణం గురించి. సదువుకున్నోళ్లు దాన్ని పారగమ్యత అంటరు. పేరు బరువుగ ఉంది గని ముచ్చట చిన్నదే. ఒక వస్తువు తన లోపలి నుంచి నీళ్లను ఎంత తొందరగ అవతలికి పోనిస్తది అన్నదే ఆ లెక్క. స్టీలు బిందె అసలే పోనియ్యది. మట్టి రంజన్ కొంచెం కొంచెం పోనిస్తది, అందుకే బయట చెమట పట్టినట్టుంటది, ఆ తడి ఆరుతుంటే లోపలి నీళ్లు సల్లబడతయి. అదే రంజన్‌కు మంచిగ కనపడాలని చుట్టూ ఆయిల్ పెయింటు పూసి చూడండి, ఎండకాలంల మునుపటి సల్లదనం ఉండది.

నా అభిప్రాయం ముందే చెప్తున్న, తిట్టేటోళ్లు ఇక్కడనే తిట్టొచ్చు. మన పెద్దపల్లి జిల్లాల నీళ్ల కోసం చేసే పనులు చాలా వరకు ఈ ఒక్క లెక్క చూడకనే దెబ్బతింటున్నయి. ఇక్కడ నీళ్లు ఆగాలా, ఇంకాలా అన్నది ముందు తేల్చుకోకుండ జేసీబీ పిలుస్తున్నం. ఇంకే కాడ ఆపాలని చూస్తున్నం, ఆగే కాడ ఇంకాలని చూస్తున్నం.

ముందు ఒక తికమక తీసెయ్యాలె. నీళ్లు పట్టుకునుడు వేరు, నీళ్లు వదులుడు వేరు. ఇసుకల మూడో వంతు కంటె కొంచెం ఎక్కువ ఖాళీ ఉంటది, నూటికి 35 నుంచి 40 వంతులు. బంకమట్టిల ఖాళీ ఇంకా ఎక్కువ, నూటికి 50 వంతుల దాక ఉంటది. మరి ఖాళీ ఎక్కువ ఉన్న బంకమట్టిలకెల్లి నీళ్లు తొందరగ పోవాలె కదా? పోవు. ఎందుకంటె ఆ ఖాళీ అంతా కంటికి కనపడని సన్న సందుల రూపంల ఉంటది. బంకమట్టి రేణువు మిల్లీమీటర్ల వెయ్యింట రెండు వంతుల కన్న చిన్నది. అంత సన్న సందుల నీళ్లు గోడలకు అంటుకోని కూసుంటయి. ఇసుకల సందులు పెద్దయి, ఒకదానికొకటి కలిసి ఉంటయి, నీళ్లు జారిపోతయి. అంటే ఎంత ఖాళీ ఉన్నదన్నది కాదు, ఆ ఖాళీలకు దారి ఉన్నదా అన్నది అసలు ముచ్చట.

నేలలు గంటకు ఎన్ని మిల్లీమీటర్ల నీళ్లు తాగుతయో ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ లెక్కలు ఉన్నయి. ఇసుక నేల గంటకు 30 మిల్లీమీటర్ల పైన, ఇసుక కలిసిన దుబ్బ నేల 20 నుంచి 30, మంచి గరప నేల 10 నుంచి 20, బంకమట్టి 1 నుంచి 5. ఇవి తడిసి కుదురుకున్న నేలకు చెప్పే లెక్కలు. ఎండకాలంల నెర్రెలు వారిన రేగడి మీద తొలి వాన పడితే ఆ నెర్రెలల్ల పడి నీళ్లన్నీ మాయమైతయి, చూసినోడు ఈ నేల మస్తు తాగుతది అనుకుంటడు. ఒక్కసారి మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్నంక అదే నేల గంటకు రెండు మిల్లీమీటర్లు కూడా తాగది. ఒకే నేల, రెండు గుణాలు. రేగడి రైతులకు ఇది నేను చెప్పేదేం లేదు.

ఇగ వరి సంగతికి వద్దాం. గుర్తుపెట్టుకునే లెక్క ఒకటే: ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు నీళ్లంటే సుమారు 4 వేల లీటర్లు. కరిగట చేసిన బంక నేలల రోజుకు 1 నుంచి 5 మిల్లీమీటర్లు కిందికి ఇంకుతయి. ఇసుక పాలు ఎక్కువున్న చెల్కల రోజుకు 25 మిల్లీమీటర్ల దాక పోతయి. అంటే రేగడిల నాలుగు మిల్లీమీటర్ల చొప్పున రోజుకు ఎకరానికి 16 వేల లీటర్లు కిందికి పోతుంటె, చెల్కల లక్ష లీటర్లు పోతున్నయి. ఇది పైరు తాగింది కాదు, ఎండకు ఆరింది కాదు, ఒట్టిగ కిందికి దిగింది. మీ బోరు కాడ 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, ఎన్ని సెకండ్లల నిండుతదో ఫోన్ల చూసుకోండి. 30 సెకండ్లల నిండితే గంటకు 24 వేల లీటర్లు పోస్తున్నట్టు. అంటే ఒక్క ఎకరం చెల్కల కిందికి దిగే నీళ్ల కోసమే మోటరు రోజుకు నాలుగు గంటల పైన నడవాలె. కరెంటుకు పైసలు లేవు కాబట్టి ఈ లెక్క బిల్లుల కనపడది. బోరు కాలినప్పుడు కనపడ్తది.

"ఇంకిన నీళ్లు ఏడికి పోతయే, మళ్ల మన బోర్లకే వస్తయి కదా" అని అడిగేటోళ్లు ఉన్నరు. నిజమే, కొంత వస్తయి. గని ఒట్టి నీళ్లే దిగవు. మీరు చల్లిన యూరియా కూడా వాటి ఎంబడి దిగుతది. చెల్కల వరికి పక్క రేగడి రైతు కన్న ఒక సంచి ఎక్కువ పడుతున్నదంటె, ఆ సంచి ఏ దారిన పోతున్నదో ఆలోచించుకోండి.

కరిగట అంటే మనకు తెలువకుండానే మనం చేసే పారగమ్యత పని. నీళ్లల్ల దున్ని దున్ని మట్టి కడ్డలను పగలగొట్టి, సందులను మూసి, కింద జానెడు లోతుల ఒక గట్టి పొర తయారు చేస్తం. కేజ్‌వీల్స్ ట్రాక్టరు బరువుకు ఆ పొర ఇంకా బిగుసుకుంటది. వరికి అది మేలే, నీళ్లు ఆగుతయి. ఆ మరుసటి పంటకు మక్కనో పల్లికాయనో వేస్తే తెలుస్తది దాని సంగతి. వేరు ఆ పొర కాడికి పోయి పక్కకు తిరుగుతది, పైన వాన నీళ్లు నిలిచి మొక్క పచ్చబడుతది. ఎన్నో ఏండ్లుగ రెండు కార్లు వరే వేసిన మడిల ఉన్నట్టుండి ఆరుతడి వేసి, పండలేదని విత్తనం కంపెనీని తిట్టుడు న్యాయం కాదు. ఎండకాలంల నేల పొడిగున్నప్పుడు లోతు నాగలితోని ఆ పొర పగలగొట్టి వెయ్యాలె. తడి మీద పగలగొడితే ఇంకింత బిగుసుకుంటది.

యాసంగిల చెల్క మీద వరి వద్దు అని నేను అంటున్న. ఈ మాట అధికారులు కూడా అన్నరు గని వాళ్లు చెప్పిన తీరు వేరు. ఒడ్లకు కొనుగోలు కేంద్రం ఉన్నది, కాంటా అయితది, పైసలు లేటయినా వస్తయి. పల్లికాయ వేస్తే కోతులు, మక్క వేస్తే అడివి పందులు. ఈ రెండింటికీ జవాబు చెప్పకుండ "పంట మార్చండి" అంటే ఎవడు మారుస్తడు? నేను చెప్పేది ఏందంటే ఊరంతా ఒకటే మాట కాదు, నీ ఐదెకరాలల్ల ఏ మడి నీళ్లు ఆపుతదో ఏ మడి ఆపదో నువ్వే కొలిచి, ఆపని మడిల మాత్రమే మార్చు. కొలుచుడు కష్టం కాదు. రెండు దిక్కుల మూత తీసేసిన నూనె డబ్బానో పైపు ముక్కనో భూమిల నాలుగు వేళ్ల లోతు దిగేసి, నీళ్లు పోసి, స్కేలు పెట్టి గంటకు ఎంత దిగిందో చూడాలె. మొదటి గంట లెక్క వద్దు, అది ఎండిన నేల దాహం. రెండు మూడు సార్లు నింపినంక వచ్చేదే అసలు లెక్క.

పూడిక మట్టి మీద కూడా ఇదే పేచీ. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువులు బాగు చేయాలని అనుకున్నరు, ట్రాక్టర్లు వరుస కట్టినయి. చెల్కకు పూడిక మట్టి బంగారమే. ఇసుక సందులల్ల బంక పడి నీళ్ల పరుగు తగ్గుతది, ఎరువు ఆగుతది. గని పక్కోడు కొట్టిచ్చిండని రేగడిల కూడా కొట్టిచ్చుకున్నోళ్లు ఉన్నరు. ఇప్పటికే నీళ్లు తాగని నేలకు ఇంకింత బంక కలిపితే ఏమొస్తది? ఆ నేలకు కావాల్సింది పెంట ఎరువు, పచ్చిరొట్ట, జనుము. మట్టి కడ్డకట్టి సందులు పెద్దగయితయి. చౌడు నేలది మల్ల వేరే కథ. సోడియం వల్ల మట్టి విడిపోయి సందులన్నీ పూడుకపోతయి, జిప్సం వేస్తే కాల్షియం ఆ రేణువులను మళ్ల గుంపు కట్టిస్తది, అప్పుడు నీళ్లు దిగుతయి, నీళ్లతోని ఉప్పు దిగుతది. జిప్సం వేసి నీళ్లు బయటికి పోయే కాలువ తియ్యకపోతే ఆ పైసలు వృథా.

చెరువు ఎంత లోతు తీస్తే అంత మంచిదనే నమ్మకం ఒకటి పాతుకపోయింది. చెరువు అడుగున తరతరాలుగ పేరుకున్న సన్న బంక పొరనే చెరువుకు అస్తరు. ఆ పొర దాటి మొరం తేలేదాక తోడితే నీళ్లు ఆగవు, దిగుతయి. దిగుడు మంచిదా చెడ్డదా అంటే ఆయకట్టును బట్టి. తూము కింద పారకం మీద బతికే ఊరికి అది నష్టం. ఆయకట్టంతా బావులు బోర్ల మీద నడిచే ఊరికి అది లాభం, చెరువు తొందరగ ఎండినా బావులల్ల నీళ్లుంటయి. మా దిక్కు చెరువు ఎండిందని మొత్తుకునేటోళ్లు, బావుల నీళ్లు పెరిగినయని సంబురపడేటోళ్లు ఒకటే ఊర్ల ఉంటరు. తవ్వే ముందు ఊరు కూసోని ఏది కావాల్నో మాట్లాడుకున్నదా అంటే, లేదు.

ఇగ కట్ట. ఈ భాగం జర నిదానంగ చదవండి.

ఫ్రాన్స్ దేశంల దిజోన్ అనే పట్నానికి నీళ్లు తెచ్చిన డార్సీ అనే ఇంజనీరు 1856లో ఒక సంగతి అచ్చేసిండు. నిలువు గొట్టంల ఇసుక నింపి, నీళ్లు పోసి, ఎంత కారుతదో కొలిచిండు. పైన నీళ్ల ఎత్తు ఎంత పెరిగితే కారుడు అంత పెరిగింది. ఇసుకల నీళ్లు నడిచే దారి ఎంత పొడుగైతే కారుడు అంత తగ్గింది. గంతే. ప్రపంచంల కట్టలన్నీ ఇప్పటికీ ఈ లెక్క మీదనే నిలబడ్డయి. మన పెద్దలు డార్సీ పేరు వినలేదు గని, కట్ట నడుమ నల్లమట్టి తొక్కి, రెండు దిక్కుల మొరం పోసి, కింద వెడల్పు చేసి కట్టిన్రు. వెడల్పు అంటే దారి పొడుగు.

అందుకే కట్ట మొదట్ల పూడిక తియ్యొద్దు అనేది. లోపలి దిక్కు కట్టకు ఆనుకొని ఉన్న బంక తీసేస్తే నీళ్లు నడిచే దారి పొట్టిగైతది. ట్రాక్టరుకు దగ్గరని, తొందరగ ట్రిప్పులైతయని అక్కడనే గోకుతరు. ఆ ఏడాది ఏం కాది. నిండు చెరువు వచ్చిన ఏడాది తెలుస్తది.

కట్ట కింద ఊట వచ్చుడు తప్పు కాదు, మట్టి కట్ట అన్నంక కొంత చెమట పడుతది. చూడాల్సింది ఆ నీళ్ల రంగు. తేటగ ఉన్నయా, నీళ్లు మాత్రమే వస్తున్నయి. మురికిగ, మట్టి రంగుల వస్తున్నయా, నీళ్ల ఎంబడి కట్ట కూడా వస్తున్నది. లోపల సన్న బొరియ పడి, వెనకకు వెనకకు తొలుసుకుంట పోతది. అప్పుడు మనోళ్లు చేసే పని, బయట నీళ్లు బుడబుడ వచ్చే కాడ బంకమట్టి ముద్దలు తెచ్చి కుక్కుడు. అది చెయ్యొద్దు. ఆ దారి మూస్తే నీళ్లు పక్కన ఇంకో దారి చేసుకుంటయి. ఆ బుగ్గ మీద ముందు ఇసుక, దాని మీద కంకర, దాని మీద రాళ్లు పొయ్యాలె. నీళ్లు వస్తయి గని మట్టి రాది. లేకుంటె చుట్టూ ఇసుక సంచులు గుండ్రంగ పేర్చి లోపల నీళ్లు ఎత్తు పెరగనియ్యాలె, ఎత్తుల తేడా తగ్గితే తోసుడు తగ్గుతది. నీరటిని, ఇరిగేషన్ ఏఈని రాత్రయినా లేపాలె. తెల్లారి చూద్దాం అనే ముచ్చట పనికిరాది.

ఇదే తొలుసుడు పెద్ద కట్టడాలకు కూడా తప్పదు. 2023 అక్టోబర్ 21 రాత్రి మేడిగడ్డ బరాజ్ ఏడో బ్లాకుల పిల్లర్లు కుంగినయి. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ పంపిన బృందం చూసిపోయి చెప్పిన కారణాలల్ల ముఖ్యమైంది పునాది కింది ఇసుక నీళ్లతోని కొట్టుకపోవుడు. ఏ పార్టీది తప్పు అనేది నేనిక్కడ మాట్లాడ, ఆ కొట్లాటకు వేరే జాగలు మస్తుగున్నయి. నేను చెప్పేది, గోదావరి ఇసుక కోట్ల రూపాయల కట్టడానికీ ఊరి కుంట కట్టకూ ఒకటే న్యాయం చేస్తది. మన జిల్లాల సుందిళ్ల కూడా ఆ ఇసుక మీది కట్టడమే. కాబట్టి అక్కడ ఎంత ఊట వస్తున్నది, ఏ రంగుల వస్తున్నది అని అడిగే హక్కు చుట్టుపక్కల ఊర్లోళ్లకు ఉన్నది. అడిగితే పార్టీ రంగు పూస్తరని భయపడి నోరు మూసుకునుడు మంచిది కాదు.

రాయి సంగతి కొంచెం. మన జిల్లాల రెండు రకాల రాయి ఉన్నది. పడమటి దిక్కు సుల్తానాబాద్, ఓదెల, జూలపల్లి, ధర్మారం మొత్తం గట్టి రాయి. గ్రానైటు రాయిల సందులు ఉండవు, పగుళ్లు ఉంటయి. పైన చివికిన రాయి పొరల, ఆ కింద పగుళ్లల్ల ఉన్నయే నీళ్లు. అందుకే మీ బోరుల నీళ్లు పడి, ఇరవై అడుగుల దూరంల తమ్ముని బోరుల దుమ్ము లేస్తది. అది కొబ్బరికాయ పట్టినాయన తప్పూ కాదు, గొప్పా కాదు. లోతుకు పోయినకొద్దీ పగుళ్లు తగ్గుతయి, మూసుకుంటయి. మూడొందల ఫీట్లల్ల లేని నీళ్లు ఆరొందల ఫీట్లల్ల ఉంటయని బోరు బండాయన చెప్తడు, ఆయనకు ఫీటుకింత కదా. తూర్పు దిక్కు రామగుండం, కమాన్‌పూర్, మంథని పక్క ఇసుకరాయి ఉన్నది, అదే బొగ్గుండే రాయి. ఇసుకరాయిల రాయంతా సన్న సందులే, నీళ్లు నడుస్తయి. అందుకే సింగరేణి గనుల్ల బొగ్గు తీయాలంటె ముందు నీళ్లు తోడి పొయ్యాలె. గని ఎంత లోతు పోతే చుట్టూ నీళ్లు అటు దిక్కు ఒంగుతయి. ఇటు గ్రానైటు ఊర్ల అనుభవం అటు ఇసుకరాయి ఊర్ల పనికిరాది, అటుది ఇటు పనికిరాది.

మానేరు ఇసుక గురించి చెప్పకుంటె ఈ రాత అసంపూర్తి. ఎకరం మేర, మీటరు మందం ఇసుక సుమారు 4 వేల ఘనపు మీటర్లు. అది నీళ్లతోని నిండితే, అందుల నాలుగో వంతు బావికి ఊరి వస్తది అనుకున్నా 10 లక్షల లీటర్లు. ట్రాక్టరు ట్రిప్పుకు 3 ఘనపు మీటర్లు పోతయనుకుంటె, ఒక్కో ట్రిప్పుతోని 750 లీటర్ల నీళ్లు దాసుకునే జాగ పోతున్నది, ప్రతి ఏడు, శాశ్వతంగ. "ఇసుక తీసిన గుంతలల్ల నీళ్లు ఇంకా ఎక్కువ ఉంటయి కదా" అనే తెలివి మాట నేను కూడా విన్న. గుంతల నీళ్లు ఎండకు ఆరుతయి, ఇసుకల నీళ్లు ఆరవు. ఇంకోటి, వాగు అడుగు కిందికి పోతే ఒడ్డు మీది బావుల నీళ్లు అటు జారుతయి. లారీకి వచ్చే పైసలు ఒక్కరోజువి. ఒడ్డున ఉన్న వందెకరాల బావులు ఎండితే ఎవరు జవాబు చెప్తరు? ఊరి అవసరానికి నాలుగు ట్రిప్పులు తీసుకునుడు వేరు, రాత్రంతా జేసీబీ పెట్టి లోడ్ చేసుడు వేరు. రెండింటినీ ఒకటే గాటన కట్టి మాట్లాడొద్దు.

డీ-83, డీ-86 కాలువల లైనింగు మీద నా మాట సూటిగ చెప్తున్న, ఎస్సారెస్పీ ఎగువ ఆయకట్టు సోదరులు కోపానికి రావొద్దు. కాలువ కారితే మీ బావులు నిండుతయి, మీకు బాగనే ఉంటది. గని ఆ నీళ్లు చివరి మడివి. పెద్ద కాలువలకు లైనింగు ఉండాల్సిందే. ఎక్కువ కారిన కాడ మీ పొలాలు కూడా జాలు పట్టి పాడైతున్నయి కదా.

ఊర్లల్ల ఇంకుడు గుంతలు కూడా ఒకటే కొలతల తవ్విచ్చిన్రు. చెల్కల అవి మంచిగ పని చేస్తున్నయి, రేగడిల దోమల గుంతలయినయి. కాయితం మీద రెండూ పూర్తయిన పనులే.

ఆఖరికి పాత బావులు. మోట బావులు, గిరక బావులు ఎండినయని, పిల్లలు పడతరని పూడ్చేస్తున్నరు. పిల్లల భయం నిజం, దానికి చుట్టూ గోడ కట్టాలె, జాలి వెయ్యాలె. గని గ్రానైటు ఊర్ల పాత బావి అంటె పెద్దలు గడ్డపారలతోని తెరిచిపెట్టిన పగుళ్లు. చివికిన రాయినంతా అడ్డంగ కోసి ఉంటది అది. ఇప్పుడు అంత వెడల్పు బావి తవ్వాలంటె లక్షలైతయి. వానకాలంల చేను మీది వరద నీళ్లు దాంట్లకు మళ్లిస్తే పగుళ్ల దారిన ఇంకుతయి, చుట్టూ నాలుగు బోర్లు బతుకుతయి. మళ్లించేటప్పుడు ఉత్తగ కాలువ కొట్టి వదలొద్దు, బురద పోయి ఆ పగుళ్లనే మూస్తది. బావికి పది పన్నెండు అడుగుల ముందు మనిషి లోతు గుంత తీసి, సగం ఒట్టిగ వదిలి బురద పేరుకోనియ్యండి. మిగతా సగంల అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, ఆ మీద ఇసుక నింపి, అడుగు నుంచి పైపు బావిలకు పెట్టండి. పత్తి చేన్ల మందు కొట్టిన వారం పది రోజులు ఆ పైపుకు మూత పెట్టండి. ప్రతి ఎండకాలం పైన పేరుకున్న ఒండ్రు ఎత్తేసి, పై ఇసుక మార్చండి. ఈ సారి మిరుగు వచ్చేలోపు ఎవరన్న చేసేదుంటె చెప్పండి, నేను వచ్చి గుంత కొలతలు పెట్టిస్త.